తూర్పు కుళాయి

మాల్దీవుల్లో మాలే దగ్గర ఒక చిన్న దీవి నుంచి,
శివరాత్రి వెళ్ళిన వారం.

అన్నయ్యకు,

నీ తమ్ముడు కోటి నమస్కారం చేసి రాస్తున్నాడు. నేను ఇక్కడ క్షేమం. ముందుగా ఈ ఒక్క ముక్క అమ్మకు చదివి వినిపించు. మిగతాది నువ్వు ఒక్కడివే చదువుకో. మధ్యలో కొంచెం నీళ్ళ గొడవ ఉంది, వింటే ఆమె ఆ పూట అన్నం తినదు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? వదిన ఆరోగ్యం బాగుందా? చిట్టి ఏడవకుండా బడికి పోతున్నదా, లేక ఇంకా నీ సైకిలు పట్టుకుని వేలాడుతున్నదా? అందరూ బాగున్నారని తలుస్తాను. కిందటిసారి పంపిన ఫోటో చూసి నేను చిక్కిపోయానని వదిన అన్నదట. చిక్కలేదు, ఎండకు నల్లబడ్డాను, అంతే. తిండికి లోటు లేదు.

నీ ఉత్తరం మాలే పోస్టాఫీసులో నా పేరు మీద ఆగి ఉంటే వెళ్ళి తెచ్చుకున్నాను. పడవలో కాపురం కాబట్టి మాకు ఇంటి నంబరు లేదు. ఫలానా ఊరు వస్తామని ముందే చెప్పి, ఆ ఊరి పోస్టాఫీసులో అడిగి తెచ్చుకోవాలి. అందుకే జవాబు ఆలస్యమైంది, కోపం తెచ్చుకోవద్దు. నువ్వు మామూలుగా నాలుగు పేజీలు తిడతావు, ఈసారి ఒక్క పేజీతో సరిపెట్టావు. "ఒరేయ్ కోటీ, పల్నాడు రోడ్డులో రిపేరు షెడ్డు తీసుకున్నా. ఉత్తరం ముఖం. రెండు బల్లలకి చోటుంది. నీ బల్ల తూర్పు గోడకి వెయ్యమంటావా, పడమర గోడకి వెయ్యమంటావా? రాకపోతే రానని రాయి. వైండింగ్ బాజీ ఆ చోటు అడుగుతున్నాడు. ఉగాదికల్లా వాడికి మాట చెప్పాలి." ఇంతే రాశావు.

ఆ షెడ్డు నాకు తెలుసు. పడమర పక్క రేకు మధ్యాహ్నం నుంచి పెనంలా కాలుతుంది, ఎండాకాలం అక్కడ స్పానరు చేత్తో పట్టుకోలేం. తూర్పు గోడ దగ్గర పొద్దున కాసేపు ఎండ, తర్వాత రోజంతా నీడ. ఎవడైనా తూర్పు గోడే అడుగుతాడు. నువ్వు ముందు నన్ను అడిగావంటే, ఆ నీడ నాకు వదిలి ఆ రేకు వేడి నువ్వు తీసుకోవడానికి సిద్ధపడ్డావన్న మాట. ఇది అర్థమయ్యేసరికి మాలే బజారులో నడుస్తున్నవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. చేపల బుట్ట ఎత్తుకున్న ఆయన తప్పుకోమని అరిచాడు. జవాబు ముందే రాద్దామని మొదలుపెట్టి కాగితాలు చింపాను. చివర్లో రాస్తాను, అప్పటిదాకా ఓపిక పట్టు.

మస్కట్ వర్క్‌షాపులో రెండేళ్ళు అయిపోగానే ఇంటికి రాకుండా పడవెక్కానని నీకు ఇంకా కోపం ఉంది. ఉండాల్సిందే. హెన్రిక్ గారు పడవ ఇంజను బాగు చేయించుకోవడానికి మా వర్క్‌షాపుకు వచ్చి, "నాతో వస్తావా, దారి పొడుగునా ఏదో ఒకటి చెడుతూనే ఉంటుంది" అని అడిగితే, ఎక్కడికి అని కూడా అడగకుండా తలూపాను. నన్ను కాలు కాలిన పిల్లి అని అమ్మ ఊరికే అనలేదు. హెన్రిక్ గారిది హాలండు. అక్కడ బళ్ళో లెక్కల మాస్టారుగా చేసి, మానేసి, ఇల్లు అమ్మి ఈ తెరచాప పడవ కొనుక్కుని భార్య మార్తా గారితో కలిసి దేశాలు తిరుగుతున్నాడు. పిల్లలు లేరు. ఇద్దరూ మంచివాళ్ళు. నన్ను పనివాడిలా చూడరు, ముగ్గురం ఒకే గిన్నెలో వండుకుని తింటాం. ఈ మాట కూడా అమ్మకు చెప్పు.

పడవ అంటే మన కృష్ణ మీద రేవు దాటించే పడవ అనుకోవద్దు. కింద గది ఉంటుంది, దానిలోనే వంట, పడక, ఇంజను, నా పనిముట్లు. పైన పెద్ద స్తంభం, దానికి తెరచాప. గాలి వీస్తే ఆ స్తంభం కోటప్పకొండ తిరునాళ్ళకు రోడ్డు మీద వచ్చే ప్రభ ఊగినట్టు ఊగుతుంది. మొన్న శివరాత్రి నాడు పైన కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను. మన వీధి ప్రభ ఈసారి ఎంత ఎత్తు కట్టారు? కరెంటు తీగలు తగలకుండా ఎవరు కర్ర పట్టుకున్నారు? ఇవన్నీ రాయి.

హెన్రిక్ గారు చెప్పింది నిజమే, రోజూ ఏదో ఒకటి చెడుతుంది. ఉప్పు నీళ్ళు ఇనుమును బతకనివ్వవు. ఒకరోజు పంపు, ఒకరోజు చుక్కాని తీగ, ఒకరోజు లంగరు గొలుసు. దారిలో గాలివానకు తెరచాప నిలువునా చిరిగింది. మార్తా గారు సన్న సూదితో కుట్టబోతే అది విరిగింది. నేను మిరప టిక్కీల గోనె కుట్టే దబ్బనం లాంటిది ఉందా అని చేతులతో చూపించి అడిగాను. ఉంది. మిర్చి యార్డులో ఆడవాళ్ళు కుట్టే కుట్టు వేశాను. చూడ్డానికి మోటుగా ఉంది, కానీ ఇప్పటికీ ఊడలేదు. తిండి అంటావా, అన్నం, చేప. మళ్ళీ అన్నం, చేప. మీరిచ్చిన గోంగూర పచ్చడి మస్కట్‌లోనే అయిపోయింది. కారం మాత్రం అడుగున కొంచెం ఉంది, దాన్ని మందులాగా వాడుకుంటున్నాను.

అన్నయ్యా, పని ఉన్నంతసేపు బాగుంటుంది. పని అయిపోతే మాత్రం ఒళ్ళు నిలవదు. ఇంటి దగ్గర అయితే చెప్పులు వేసుకుని బజారుకు పోతాను, టీ కొట్టు దగ్గర ఎవడితోనైనా వాదన పెట్టుకుని వస్తాను. ఇక్కడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే పడవ అయిపోయింది. వెనక్కి తిరగాలి. పోనీ కదలకుండా కూర్చుందామంటే కింద అది కదులుతూనే ఉంటుంది. తిరగాలనే కోరికతోనే కదా వచ్చాను, ఇప్పుడు ఎప్పుడూ ఆగనిదాని మీద కూర్చుని, కదలని నేల ఎక్కడుందా అని చూస్తున్నాను. మన నడవలో నాపరాళ్ళ మీద చొక్కా లేకుండా వెల్లకిలా పడుకున్నట్టు మొన్న కల వచ్చింది. వేరే ఏమీ లేదు ఆ కలలో. ఊరికే పడుకుని ఉన్నాను, నేల చల్లగా ఉంది.

పడక దగ్గర ఇంకో బాధ. "ఒరేయ్, ఉత్తరం తల పెట్టి పడుకోమాక రా" అని అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి నాకు అది ఒంట్లోకి ఎక్కిపోయింది. లంగరు వేసిన పడవ గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. దక్షిణం తల పెట్టుకుని పడుకుంటాను, లేచేసరికి ఉత్తరం ఉంటుంది. మొదట్లో లేచి దిండు అటు మార్చేవాణ్ణి. ఇప్పుడు మార్చడం మానేశాను. ఇది అమ్మకు చెప్పవద్దు.

ఇక నీళ్ళ గొడవ. ఇది రాయాలంటే నాన్న దగ్గర మొదలుపెట్టాలి. నాన్న ఆయిల్ ఇంజను కింద దూరి, తల కూడా బయటికి కనపడకుండా, "ఒరేయ్ పెద్దోడా, తూర్పు నట్టు బిగించు. చిన్నోడా, పడమర పైపు పట్టుకో, వదలమాక" అనేవాడు గుర్తుందా? మనం ఎప్పుడైనా ఎడమ, కుడి అన్నామా? బస్సులో కూడా "కాస్త ఉత్తరానికి జరుగు బాబాయ్" అంటాం. అన్నం దగ్గర "నీళ్ళ గ్లాసు పడమరకి పెట్టు" అంటాం. ఇంజనుకు కాంక్రీటు పోసి బిగిస్తాం కాబట్టి దాని తూర్పు నట్టు దాని జన్మంతా తూర్పు నట్టే. నాకు పడవ మీద కూడా నోటికి అదే వచ్చేది. "స్పానరు ఎక్కడ?" అని మార్తా గారు అడిగితే "తూర్పు పక్కన" అనేవాణ్ణి. ఆమె మొదట నవ్వింది. తర్వాత సరదా పుట్టి ఆ మాటలు నేర్చుకుంది. తూర్పు, పడమర అని చక్కగా పలుకుతుంది, ఉత్తరం అంటే మాత్రం నోరు తిరగదు. పైన చుక్కాని దగ్గర పెద్ద దిక్సూచి ఉంది. నేను ఏదైనా అడిగితే మెట్లెక్కి దాన్ని ఒకసారి చూసి, సరిగ్గా ఆ పక్కనున్న వస్తువే తెచ్చి ఇచ్చేది. ఆ పట్టింపే మా కొంప ముంచబోయింది.

పడవ అడుగున రెండు కుళాయిలు ఉన్నాయి. అవి సముద్రంలోకి తెరుచుకుంటాయి. ఒకటి ఇంజను చల్లబడటానికి నీళ్ళు తీసుకునేది, ఇంకొకటి గిన్నెలు కడిగే తొట్టి నీళ్ళు బయటికి పోయేది. తొట్టి గొట్టం ఒకచోట చిట్లింది. ఆ చోటు సరిగ్గా ఇంజను వెనక, మనిషి పాకుతూ దూరాల్సిన సందులో ఉంది. కుళాయిల పిడులు మాత్రం రెండూ వంట అరమర కింద, ఈ పక్కొకటి ఆ పక్కొకటి ఉన్నాయి. పొద్దున చూసి పెట్టుకున్నాను, తొట్టి కుళాయి తూర్పుది, ఇంజను కుళాయి పడమరది. హెన్రిక్ గారు చిన్న పడవ వేసుకుని మంచినీళ్ళ కోసం దీవికి పోయాడు. మేమిద్దరం అన్నం తిన్నాం. తింటూ ఉండగా పోటు మారి పడవ లంగరు చుట్టూ నెమ్మదిగా వెనక్కి తిరిగిపోయింది. కింద గదిలో కూర్చున్నవాడికి అది తెలియదు. నాకు తెలియలేదు.

నేను సందులో దూరి, చిట్లిన ముక్క కోసెయ్యడానికి కత్తి చేతిలో పట్టుకుని, "తూర్పు కుళాయి కట్టెయ్యండి" అని కేకేశాను. మార్తా గారు మెట్లెక్కి దిక్సూచి చూసి వచ్చి, ఇప్పుడు తూర్పున ఏ కుళాయి ఉందో దాన్ని కట్టేసింది. "అయింది" అన్నది. అయింది కానీ అది ఇంజను కుళాయి. నేను గొట్టం కోశాను.

సాగర్ కాలవ తూము ఎత్తినప్పుడు నీళ్ళు ఎలా దూకుతాయో అలా వచ్చి మొహానికి కొట్టాయి. అరచెయ్యి అడ్డం పెట్టాను, వేళ్ళ సందుల్లోంచి చిమ్ముతున్నాయి. "తూర్పు, తూర్పు" అని అరిచాను. ఆమె "తూర్పు కట్టేశాను" అని అరిచి, ఆ కట్టేసిన కుళాయినే ఇంకా గట్టిగా బిగిస్తున్నది. నేను అరిచిన కొద్దీ ఆమె బిగిస్తున్నది. పాపం, పిడి విరిగేంత పని చేసింది. రెండూ కట్టెయ్యమని ఇంగ్లీషులో చెప్పడానికి చిన్న మాట చాలు. ఆ మాట నాకు రాకపోలేదు, ఆ వేళకు నోటికి రాలేదు. తెలుగులో అరుస్తున్నాను. నాన్నను పిలిచానని తర్వాత ఆమె చెప్పింది, నాకు గుర్తు లేదు. చివరికి నీళ్ళు తన మడమలు దాటేసరికి ఆమే ఆలోచించి రెండో కుళాయి కూడా కట్టేసింది. అప్పుడు ఆగాయి. నేను పాక్కుంటూ బయటికి వస్తే, ఇద్దరం ఆ నీళ్ళలోనే కూలబడ్డాం. ఆమె "తూర్పు అంటే ఇది కాదా?" అని అడిగింది. అదే తూర్పు. ఆమె చేసిన దాంట్లో తప్పు లేదు. పొద్దున నేను చూసిందీ తప్పు కాదు. మధ్యలో పడవ తిరిగింది.

హెన్రిక్ గారు నీళ్ళ డబ్బాలతో వచ్చి చూసి, ముందు భార్య చేతులు చూశాడు, తర్వాత నా చేతులు చూశాడు. ముగ్గురం బకెట్లతో తోడాం. అంతా తోడి తుడిచిన తర్వాత నా పక్కన కూర్చుని, "కోటీ, పడవకు తూర్పు ఉండదు. దానికి ఎడమ, కుడి మాత్రమే ఉంటాయి. అవి దానితోపాటే తిరుగుతాయి" అన్నాడు. మెల్లగానే అన్నాడు, బళ్ళో పిల్లవాడికి చెప్పినట్టు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తప్పు నాది అయితే తిట్టాలి కానీ, తూర్పు లేదంటాడేమిటి అనుకున్నాను. పైకి వెళ్ళి కూర్చున్నాను. కోపం తగ్గాక చూస్తే ఆయన చెప్పింది సబబే. పడవలో ఉండాలంటే అలాగే మాట్లాడాలి. మర్నాటి నుంచి ఎడమ, కుడి అనడం మొదలుపెట్టాను. ఒకసారి పట్టుబట్టాక అలవాటు కావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. అది కూడా రాసి పెట్టుకో, దాని సంగతి కింద చెప్తాను.

నీళ్ళు ఇంజను స్టార్టరులోకి పోయాయి. విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టాను. లాభం లేదు, లోపల తీగ చుట్ట కాలిపోయింది. దాన్ని మళ్ళీ చుట్టాలి, అది నాకు రాదు. నువ్వు ముందు నుంచీ అంటూనే ఉన్నావు, "ఇక ఆయిల్ ఇంజన్ల కాలం పోతుందిరా, కరెంటు మోటార్లు వచ్చేశాయి, వైండింగ్ నేర్చుకో" అని. తీగ చుట్టడం ఆడపిల్లలు జడ అల్లుకున్నట్టు ఉంటుందని నేను బాజీని ఎగతాళి చేసేవాణ్ణి. వాడికి చెప్పు, నడిసముద్రంలో కోటి నిన్ను తలుచుకున్నాడని. ప్రస్తుతానికి హ్యాండిలు పెట్టి తిప్పి ఇంజను లేపుతున్నాం. ఆ పని మనకు కొత్త కాదు కదా. హెన్రిక్ గారు కాసేపు, నేను కాసేపు. భయపడాల్సింది ఏమీ లేదు, పడవ గట్టిగానే ఉంది, గొట్టం కొత్తది వేశాను, నేను బాగానే ఉన్నాను.

అయితే హెన్రిక్ గారికి కూడా నా దగ్గర నుంచి ఒక జవాబు కావాలి. గాలి మారేలోపల ఇక్కడి నుంచి దక్షిణంగా దిగి, ఆఫ్రికా పక్కకు పోదామని ఆయన ఆలోచన. ఇంకో ఏడాది పైనే పడుతుంది. నన్ను రమ్మంటున్నాడు. ఇంత జరిగిన తర్వాత కూడా రమ్మంటున్నాడంటే ఆ మనిషి ఎలాంటివాడో చూడు. నువ్వు అక్కడ బల్ల పట్టుకుని ఉన్నావు, ఆయన ఇక్కడ పటం పరుచుకుని ఉన్నాడు. ఈ వారమంతా నేను మీ ఇద్దరి మధ్యా తిరుగుతూ ఉన్నాను. పటం చూస్తే ప్రాణం లాగుతుంది అన్నయ్యా, అబద్ధం చెప్పను. ఆ ఊళ్ళ పేర్లు పలుకుతుంటేనే కాళ్ళు దురద పెడతాయి. మళ్ళీ నీ ఉత్తరం తీసి ఆ ఒక్క పేజీ చదువుతాను. మడతల దగ్గర చిరుగుతున్నది.

మొన్న పొద్దున మార్తా గారు, నేను దిగులుగా ఉన్నానని కాబోలు, ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, "మీ ఇల్లు గీసి చూపించు, నేను ఎప్పుడూ చూడలేదు కదా" అన్నది. గీశాను. వాకిలి గీసి, అరుగు గీసి, "ఇది తలుపు. లోపలికి రాగానే ఎడమ పక్కన వంటిల్లు" అన్నాను.

ఎడమ పక్కన అన్నాను. ఎవరూ చెప్పించలేదు, దానంతట అదే నోట్లోంచి వచ్చింది. ఆమె "ఓహో" అని తలూపింది, ఆమెకు అందులో వింత ఏమీ కనపడలేదు. నేను మాత్రం పెన్సిలు ఆపేశాను. మన వంటిల్లు ఏ దిక్కు అని నన్ను నేను అడుక్కున్నాను. వెంటనే రాలేదు. మన వంటిల్లు అన్నయ్యా, అమ్మ పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఎండ ఆమె భుజం మీద పడే వంటిల్లు. మనసులోనే వాకిట్లో నిలబడి, పొద్దు పొడిచేది నా వీపు వెనక అనుకుని, లెక్క వేసుకుంటే అప్పుడు వచ్చింది, ఆగ్నేయం. వచ్చింది కానీ, లెక్క వేస్తే వచ్చింది. నా ఇంటిని నేను లెక్క వేసుకోవలసి వచ్చింది. సందులో నీళ్ళు మొహానికి కొట్టినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

కాగితం అక్కడే పెట్టి పైకి వెళ్ళి హెన్రిక్ గారితో చెప్పాను, ఆఫ్రికాకు రానని. ఎందుకని అడిగాడు. ఆయనకు ఇదంతా ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు. "మా అన్న బల్ల వేస్తున్నాడు" అన్నాను. ఆయన "మంచి బల్లేనా?" అని అడిగాడు. మంచి బల్లే అని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, నేను వేరే పక్కకు చూశాను. వీళ్ళను వదిలి రావడం నాకు సులువని అనుకోవద్దు.

నేను పాడు చేసిన స్టార్టరు నేనే బాగు చేయించి దిగుతాను. మాలేలో తీగ చుట్టేవాడు ఒకడున్నాడట, అక్కడికి పోతున్నాం. వాడి పక్కన కూర్చుని ఎలా చుడతాడో చూస్తాను, బాజీ దగ్గర పరువు దక్కుతుంది. తూత్తుకుడి నుంచి ఉల్లిపాయలు తెచ్చే లాంచీ ఒకటి ఇక్కడికి వచ్చి పోతుంటుంది. ఈ ఉత్తరం దాని మనిషి చేతికే ఇస్తున్నాను, అక్కడ పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు. అది మళ్ళీ వచ్చినప్పుడు నేను దాని మీద వస్తాను. తూత్తుకుడిలో దిగి రైళ్ళు మారి వస్తాను, ఎవరూ ఎదురు రావద్దు.

ఇంకొకటి చెప్పడం మరిచాను. హెన్రిక్ గారు ఇలాంటి గొడవ మళ్ళీ రాకుండా ఎడమ కుళాయికి ఎర్ర రంగు, కుడి కుళాయికి పచ్చ రంగు వేశాడు. పడవల్లో అదే పద్ధతట. రంగు ఆరాక మార్తా గారు నన్ను పిలిచి, చిన్న కుంచె ఇచ్చి, పచ్చదాని మీద తూర్పు అని, ఎర్రదాని మీద పడమర అని మన అక్షరాల్లో రాయమన్నది. "అది తప్పవుతుంది, పడవ తిరిగితే" అన్నాను. "తిరగనీ, మా పడవలో వాటి పేర్లు అవే" అన్నది. రాశాను. తూర్పులో పావత్తుకు కింద స్థలం చాలక కొంచెం వంకరగా వచ్చింది. ఇక ఆ పడవ ఆఫ్రికాలో ఏ రేవులో ఎటు తిరిగి ఉన్నా, ఆ కుళాయి తూర్పు కుళాయే.

అమ్మకు నా పాదాభివందనాలు చెప్పు. వదినకు నమస్కారాలు. చిట్టికి గవ్వలు ఏరి డబ్బాలో పెట్టాను, చెప్పవద్దు, వచ్చి ఇస్తాను. వదిన ఓపికుంటే కాస్త గోంగూర పచ్చడి పట్టి ఉంచమను. మన వీధి పెద్దలందరికీ నమస్కారాలు. బాజీని కోపం పెట్టుకోవద్దని చెప్పు, వాడికి మన బల్లల మధ్య ముక్కాలిపీట వేద్దాం, వాడి పనికి అది చాలు. నేను క్షేమంగా చేరాలని అమ్మను, నిన్ను దీవించమని అడుగుతున్నాను.

నీ ప్రశ్నకు జవాబు. మొదట "కుడి పక్కన" అని రాసి కొట్టేశాను, ఇంకు మరక కనపడుతూనే ఉంటుంది, నవ్వవద్దు. నా బల్ల పడమర గోడకు వెయ్యి. ఎండ నాకు బాగా అలవాటైంది. తూర్పు నీది.

నీ తమ్ముడు,
కోటి